రాసే అక్క కొట్టేసిన వాక్యం

మొన్న బుధవారం మా బిల్డింగు లిఫ్టు మళ్ళీ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఏడుగురం. ఆరుగురు కోచింగుకు వచ్చిన పిల్లలు, ఒకదాన్ని నేను. ఒకతను గంట బటన్ నొక్కుతూనే ఉన్నాడు. ఒకమ్మాయి సిగ్నల్ లేని ఫోనులో "అమ్మా, అమ్మా" అంటోంది. ఇంకొకతను లిఫ్టునీ, లిఫ్టు కంపెనీనీ, మొత్తం అమీర్‌పేటనీ కలిపి తిడుతున్నాడు. నాకు మాత్రం నవ్వు వచ్చింది. పెదవులు బిగబట్టాను. చున్నీ అడ్డం పెట్టుకున్నాను. చివరికి ఆపుకోలేక పైకే నవ్వేశాను. మిగతా ఆరుగురూ నావైపు చూసిన చూపు ఇప్పట్లో మరిచిపోలేను.

"ఏమైంది అక్కా, భయమైతుందా?" అని అడిగిందా ఫోను అమ్మాయి.

ఏం చెప్పను? ఈ లిఫ్టు సరిగ్గా ఇక్కడే ఎందుకు ఆగుతుందో నాకు తెలుసు. దాని వెనక ఒక అవ్వ పెట్టిన తిట్టు ఉంది. ఆ తిట్టును ఉన్నదున్నట్టు పుస్తకంలో అచ్చువేయించిన మనిషి ఒకామె ఉండేది. ఈ వానాకాలం మొదట్లో ఆమె పోయింది. ఇదంతా లిఫ్టులో చెప్పే మాట కాదు. అసలు నేను లిఫ్టులో ఏ మాటా చెప్పను. ఇంటికి వెళ్ళి డైరీలో రాసుకున్నాను. ఒక రోజు పేజీలో పట్టలేదు, రెండు రోజుల పేజీల్లోనూ పట్టలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె పుస్తకాల అట్టమీద ఆమె పేరు మందుసీసా మీది అక్షరాలంత ఉంటుంది. లోపల మొదటి పేజీల్లో పుస్తకంలోని మనుషులందరి పేర్లూ అకారాది వరుసలో ఉంటాయి. ఆ వరుసలో తన వంతు ఎక్కడ వస్తే అక్కడ, ఇసుక మోసిన ఒకామెకూ సున్నం కలిపిన ఒకాయనకూ మధ్య, ఆమె పేరు మళ్ళీ ఒకసారి ఉంటుంది. "రాసినోల్ల పేరు ఉంటె ఉన్నది, లేకుంటె లేదు. కట్టినోల్ల పేరు పోవద్దు" అనేది. బోరబండ ఆడవాళ్ళు ఆమెను రాసే అక్క అనేవాళ్ళు. నేను మొదటి రోజు మేడమ్ అన్నాను.

"మేడమ్ అంటె పంజాగుట్ట షోరూముల చీరెలు సూడనీకి వచ్చినట్టుంటది పిల్లా. వేరే ఏమన్న పిలువు."

వేరే ఏమని పిలవాలో ఆలోచిస్తూ మూడేళ్ళపాటు ఏమీ పిలవకుండానే గడిపాను. మాట్లాడాల్సి వస్తే దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. కాసేపటికి తలెత్తి "చెప్పు" అనేది. ఆ ఏర్పాటు మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

నేను పనిచేసేది ఖాజా భాయ్ డీటీపీ సెంటరులో. మైత్రీవనం వెనక సందులో నాలుగంతస్తుల భవనం, అందులో మూడో అంతస్తు. పైనా కిందా అన్నీ కోచింగ్ సెంటర్లే. బయోడేటాలు, ప్రాజెక్టు రిపోర్టులు, అప్పుడప్పుడు పెళ్ళి కార్డులు టైపు చేస్తాను. నిజానికి నేను కూడా ఈ ఊరికి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుందామనే వచ్చాను. కోర్సు వచ్చింది. మాక్ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే మాత్రం మాట రాలేదు. మూడోసారికి ఆ సారు విసిగిపోయి నా బయోడేటా చూసి తనే నా గురించి చెప్పి, "అంతేనా?" అని అడిగాడు. తలూపాను. ఆ వారమే ఖాజా భాయ్ దగ్గర చేరాను. తెలుగు టైపింగుకు నోటితో పని లేదు.

ఆమె మా దుకాణానికి రావడానికి కారణం నా టైపింగు కాదు. ఈ భవనం. దీనికి రాళ్ళూ ఇటుకలూ మోసిన ఆడవాళ్ళు బోరబండలో ఉన్నారు. వాళ్ళ గురించే ఆమె పుస్తకం రాస్తోంది. కాబట్టి ఆ పుస్తకం ఈ గోడల మధ్యే తయారు కావాలని ఆమె పట్టుదల. డెబ్బై దాటిన మనిషి, ఒక్కనాడూ లిఫ్టు ఎక్కేది కాదు. మెట్లెక్కుతూ మలుపు మలుపు దగ్గరా ఆగి, గోడ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, ఒక పేరు చెప్పేది. మొదటి మలుపు దగ్గర ఒక పేరు, రెండో మలుపు దగ్గర ఇంకో పేరు. పేర్లు చెప్పడానికి ఆగుతుందో, ఊపిరి తీసుకోవడానికి ఆగి పేర్ల మీదికి నెడుతుందో నేను ఎన్నడూ తేల్చుకోలేకపోయాను. మా దుకాణంలోకి వచ్చాక అక్కడి గోడనూ తట్టేది. ఖాజా భాయ్ గుండె పట్టుకునేవాడు.

"మేడమ్, జర ధీరే. మొన్న తట్టినకాడ సున్నం రాలింది."

"రాలితె పూసినోల్లది తప్పు భాయ్, కట్టినోల్లది గాదు."

ఆమె రాతప్రతి సంగతి చెప్పాలి. మైత్రీవనం దగ్గర రోడ్డు దాటే ఎవరి చేతిలోనైనా పది అడుగులకు ఒక పాంప్లెట్ పడుతుంది. ఫలానా కోర్సు, ఫలానా ఫ్యాకల్టీ, రేపే కొత్త బ్యాచ్. అందరం చేతులు వెనక్కి పెట్టుకుని తప్పించుకుంటాం. ఆమె ఆగి ఆగి ప్రతి ఒక్కరి దగ్గరా తీసుకునేది. "పాపం, ఆ కట్ట అయిపోతెనే వాళ్ళు ఇంటికి వోయేది" అనేది. ఒక్కోసారి ఒక్కరి దగ్గరే నాలుగు అడిగేది. పాంప్లెట్లు పంచే పిల్లలు ఆమెను దూరం నుంచి చూసి పోటీపడి ఎదురొచ్చేవాళ్ళు. ఈ వయసులో ఆమె ఏ కోర్సు చేస్తోందని వాళ్ళు అనుకునేవారో తెలియదు. ఇంటికి పోయాక ఆ కాగితాల వెనక వైపు పుస్తకం రాసేది. వెనక వైపు నిండితే బాణం గుర్తు వేసి ముందు వైపు అంచుల్లో కూడా రాసేది.

ఆ బాణాల వల్లే మొదటి నెలలో నేను ఒక తప్పు చేశాను. పునాదులు తవ్విన వాళ్ళ అధ్యాయం టైపు చేస్తూ, బాణం వెంట తిరిగి, అంచుల్లో ఉన్నదానితో పాటు మధ్యలో ఉన్న కోర్సు ప్రకటననూ టైపు చేసేశాను. ప్రూఫు తీసి ఇచ్చాను. ఆమె భూతద్దం పెట్టుకుని చదువుతూ ఒకచోట ఆగి, పైకి చదివింది.

"మేస్త్రి పొద్దుగాలనే అడ్డా మీదికి వచ్చి కూలోల్లను పిలిచిండు. ప్రతి ఒక్కరికీ ప్లేస్‌మెంట్ గ్యారంటీ. మొదటి మూడు రోజులు డెమో ఉచితం."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పారిపోదామంటే ఆమె తలుపు దగ్గర కూర్చుంది. ఆమె చాలాసేపు ఆ వాక్యాల వైపే చూసింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది.

"మస్తుగున్నది పిల్లా. మేస్త్రి సుత అచ్చం గిట్లనే మాట్లాడుతడు. ఉంచుదమా?"

నేను తలూపాను. ఆమె పెన్సిలు తీసింది. కాసేపు గాలిలో ఆడించి, నిట్టూర్చి, రెండు వాక్యాలనూ కొట్టేసింది.

"బాగున్నది గని, ఈ మాట వాళ్ళు చెప్పలే. వాళ్ళు చెప్పంది మన పుస్తకంల ఉండొద్దు."

ఆమె పనిలో ఉన్న సూత్రం అదొక్కటే. సూత్రమే కాదు, దానికొక పద్ధతి కూడా ఉంది. పుస్తకం అచ్చుకు పోయేముందు, అందులో ఉన్న మనుషుల ముందు కూర్చుని మొత్తం పైకి చదవాలి. ఎవరి గురించి రాసిందో వాళ్ళు "తీసెయ్" అంటే తీసెయ్యాలి. కారణం అడగకూడదు. కొత్తగా ఏదైనా చేరిస్తే దాన్నీ మళ్ళీ చదివి వినిపించాలి. వినిపించకుండా ఆమె పుస్తకం ఏదీ ప్రెస్సు గడప తొక్కలేదు. వెనకటి పుస్తకంలో ఒకాయన తన అధ్యాయం మొత్తం తీసేయమంటే తీసేసిందట. ఎందుకు తీసేయమన్నాడో ఆమెకు చివరిదాకా తెలియదు.

ఆమె మిగతా ఉద్యమం గురించి నాకు అంతగా తెలియదు. ధర్నాలకు వెళ్ళేదని, కూలీల అడ్డాల దగ్గర నీడ కోసం, నీళ్ళ కోసం అర్జీలు పెట్టేదని విన్నాను. నేను కళ్ళారా చూసింది మాత్రం పంజాగుట్టలో సుద్దముక్క యుద్ధం. ఆమె ఇంటికి పోయే దారిలో ఒక పెద్ద భవనం గోడకు నల్లరాయి ఫలకం ఉంది. ప్రారంభించినవారు, అధ్యక్షత వహించినవారు, ముఖ్య అతిథి, అన్నీ బంగారు అక్షరాలు. ఆమె రోజూ సాయంత్రం నడకకు వచ్చి, చేతిసంచిలోంచి సుద్దముక్క తీసి, ఆ ఫలకం కింద గోడ మీద రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు రెండు రాసి పోయేది. వాచ్‌మన్ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేవాడు. సాయంత్రం మళ్ళీ రెండు. ఒకసారి ప్రూఫులు ఇవ్వడానికి ఆమె వెంట వెళ్ళి నేనూ అక్కడ ఉన్నాను. వాచ్‌మన్ చేతిలో గుడ్డతోనే ఎదురుచూస్తున్నాడు.

"అమ్మా, నువ్వు రాసుడు నేను తుడుసుడు, మనిద్దరికి వేరే పనే లేదా?"

"నువ్వు తుడువు బిడ్డా. అది నీ డ్యూటీ. ఇది నాది."

ఆమె రాసింది. అతను తుడవలేదు. కాసేపు గుడ్డను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా నాయిన సుత గీడనే కంకర మోసిండు" అన్నాడు. ఆమె తిరిగి చూసి, సుద్దముక్క అతని చేతిలో పెట్టింది. అతను అటూ ఇటూ చూసి, పేరు రాశాడు. ఆ పేరు తర్వాత చాలా రోజులు అక్కడే ఉంది. చుట్టుపక్కల పేర్లు మాత్రం రోజూ తుడిచేవాడు. డ్యూటీ డ్యూటీయే కదా.

ఇక అసలు కథ ఏమిటంటే, పుస్తకం పూర్తయ్యేసరికి ఆమె కళ్ళు సహకరించడం మానేశాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ ఆగి చేద్దామన్నారు. భూతద్దంతో కూడా అక్షరం అతుక్కుపోయి కనిపిస్తోందని చెప్పింది. పుస్తకం చదివి వినిపిస్తే గాని అచ్చుకు పోదు. బోరబండలో ఇద్దరు ముసలివాళ్ళు అప్పటికే మంచంలో ఉన్నారు. వాళ్ళు వినకముందే పోతే అధ్యాయాలు అట్లాగే ఆగిపోతాయి. ఆమె మా దుకాణంలో కూర్చుని, గోడ తట్టకుండా, నావైపు తిరిగింది.

"నువ్వే సదవాలె."

తల అడ్డంగా ఊపాను. ఆమెకు కనిపించలేదు. ఇంకోసారి, ఇంకా పెద్దగా ఊపాను.

"ఊ అన్నదా భాయ్?"

"నై నై అంటుంది మేడమ్," అన్నాడు ఖాజా భాయ్. "అరె బేటీ, ఏమైతది? టైపు చేసింది నువ్వే. అందుల ఏమున్నదో ఈ అమీర్‌పేటల నీకు తప్ప ఎవలకి తెల్వదు. ఫికర్ నక్కో. జోర్‌సే చదువు, అంతే."

జోర్‌సే, అంటే గట్టిగా. ఆ ఒక్క మాటే నా కష్టమంతా.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం ఒకటుంది. అది మా భవనం గురించే, సాయవ్వ అనే ఆమె గురించి. సాయవ్వ చంటిబిడ్డను చెట్టు కింద పడుకోబెట్టి నాలుగు అంతస్తుల దాకా ఇటుకలు మోసింది. భవనం పూర్తయ్యాక బిడ్డకు పైనుంచి ఊరు చూపిస్తానని అనుకుంది. ప్రారంభం రోజు బిడ్డకు కొత్త గౌను తొడిగి ఎత్తుకొస్తే కాంట్రాక్టరు గేటు దగ్గరే ఆపేశాడు. ఆ అధ్యాయం చివరి వాక్యం ఇది: "ఎదుటి రోడ్డు పక్కన కూర్చుని, తాను మోసిన నాలుగు అంతస్తులనూ కింది నుంచి పైదాకా చూస్తూ, సాయవ్వ నిశ్శబ్దంగా ఏడ్చింది." టైపు చేసిన రోజు ఆ వాక్యాన్ని డైరీలో రాసుకుని చుట్టూ ఎర్ర గీత గీసుకున్నాను. పుస్తకమంతా ఆ వాక్యం మీద నిలబడి ఉందని నా నమ్మకం.

ఒక ఆదివారం మధ్యాహ్నం బోరబండ వెళ్ళాం. సాయవ్వ ఇంటి ముందు వేపచెట్టు నీడలో చాప పరిచారు. పదిహేను మంది దాకా ఆడవాళ్ళు, చేతుల్లో బియ్యం చేటలు, చిక్కుడుకాయలు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ వింటారట. సాయవ్వ మాత్రం ఏ పనీ తెచ్చుకోలేదు. పాత ఇనుప తట్టను బోర్లించి దాని మీద కూర్చుంది. చిన్న మనిషి. గొంతు మాత్రం చిన్నది కాదు.

నేను చదవడం మొదలుపెట్టాను. నాకు వినిపించేంత గట్టిగానే చదువుతున్నాను.

"రాసే అక్కా, గీ పోరి పెదువులు కదులుతున్నయ్ గని సప్పుడొస్తలేదు."

"సిగ్గు," అంది ఆమె. "జర ఆగుర్రి, వస్తది."

కొంచెం వచ్చింది. పునాదుల అధ్యాయం గడిచింది. ఒకామె తన అత్త పేరు మరిచిపోయారని చేర్పించింది. ఇంకొకామె, తను తెచ్చుకున్నది జొన్నరొట్టె కాదు, సద్దరొట్టె అని మార్పించింది. రాసే అక్క అన్నిటికీ "రాసుకో పిల్లా" అనేది. నేను పెన్సిలుతో రాసుకునేదాన్ని. తర్వాత సాయవ్వ అధ్యాయం వచ్చింది. నా గొంతు దానంతటదే కొంచెం లేచింది. ఇష్టమైన చోటు కదా. చివరి వాక్యం, నా ఎర్రగీతల వాక్యం, ఆగి ఆగి చదివాను.

ఎవరూ ఏడవలేదు. నిశ్శబ్దం కూడా లేదు. ముందు సాయవ్వ కోడలు కిసుక్కున నవ్వింది.

"నిశ్శబ్దంగనా? మా అత్తనా?"

ఇక పదిహేను మందీ నవ్వారు. చేటలో బియ్యం చాప మీద ఒలికాయి. సాయవ్వ నవ్వలేదు. తట్ట మీది నుంచి ముందుకు వంగింది.

"ఆగు. మల్ల సదువు."

మళ్ళీ చదివాను.

"ఏడ్సింది ఎవలు?"

"మీరు," అన్నాను.

"తీసెయ్."

"ఆ మాటనా అవ్వా?" అని అడిగింది రాసే అక్క.

"మొత్తం. నా ముచ్చటే వద్దు. ఏడ్సుకుంట కూసున్నదని నా పేరు పుస్తకంల ఉండుడెందుకు? మనుమరాలు కాలేజీల సదువుతది. రేపు అది సదివి, నా అవ్వ గింతేనా అంటే?"

పద్ధతి ప్రకారం అక్కడితో అయిపోవాలి. కారణం అడగకూడదు, తీసెయ్యాలి. నేను రాసే అక్క వైపు చూశాను. ఏదో ఒకటి చెప్పి నచ్చజెప్పకూడదా అనిపించింది. ఆమె ముఖం పాలిపోయింది. ఆ అధ్యాయం లేకపోతే మా భవనం లేదు, మా భవనం లేకపోతే పుస్తకం సగం లేదు. ఆమె చేతిసంచిలోంచి పాత పాంప్లెట్ల కట్ట తీసింది. సాయవ్వ చెప్పినప్పుడు రాసుకున్న కాగితాలు, లంగా నాడాతో కట్టినవి. వెతికి చదవమని నా చేతికిచ్చింది. వెతికాను. డిజిటల్ మార్కెటింగ్ కోర్సు వెనక ఉంది: "గేటు కాడ ఆపిన్రు. బిడ్డను ఎత్తుకొని ఎదురుంగ కూసున్న." అంతే. ఏడుపు లేదు.

"ఏడ్చిన్నని నువ్వు చెప్పలే గద అవ్వా?"

"నేనెందుకు జెప్త?"

"మరి నేనెందుకు రాసిన?"

"నాకేమెరుక? నీకు ఏడుపొచ్చిందేమో."

మంచి మంచి వాక్యాలు కొట్టేసిన మనిషి, నా ప్లేస్‌మెంట్ గ్యారంటీని కొట్టేసిన మనిషి, చిన్నపిల్లలా చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"అవు. నాకే వచ్చింది. నీ ముంగట కూసొని రాసుకునేటప్పుడు."

"మరి నీ ఏడుపు తెచ్చి నా మొకాన ఎందుకు వెట్టినవ్?"

ఆమె పెన్సిలు అందుకుంది. ఎక్కడో చూపించమంది. గీత గీయబోతే పెన్సిలు పై వరుస మీదికి పోయింది. నేను ఆమె వేలు పట్టుకుని ఆ వాక్యం మీద పెట్టాను. కొట్టేసింది. అంత మంచి వాక్యాన్ని ఒక మనిషి తన చేతులతో కొట్టేయడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది.

"మిగిలింది సుత తీసేస్త. నువ్వు అన్నవ్ గన్క. తీసేముందు ఒక్కటడుగుత. ఏడ్వకుంటె మరి ఏం జేసినవ్?"

సాయవ్వ తట్ట మీద సర్దుకుని కూర్చుంది. ఆ ప్రశ్న కోసం ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చున్నట్టు.

"తిట్టిన. తిట్టి, ఎక్కిన."

"ఎక్కినవా? ఏడికి?"

"పైకి. వెనుక గోడకు ఎక్కి పనిజేసే కట్టెలు ఇంక ఇప్పలే. నేను కట్టిన కట్టెలే గద, నాకు భయమేంది? బిడ్డను కొంగుతోని నడుముకు కట్టుకొని ఎక్కిన. గంతల్నే బేగంపేటకు విమానం దిగుతుండె. దాని కడుపు సుత కనవడ్డది. సూడవే విమానం అని బిడ్డకు సూపెట్టిన."

"ఇన్నేండ్లు నాకు చెప్పకపోతివి!"

"నువ్వు అడగలే. గేటు కాడ ఆపిన్రు అనంగనే నీకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, కాయితం మలిచి పెట్టినవ్. పాపం, ఈమెకు గింతనే సాలు తియ్ అనుకున్న."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ప్రూఫులో డెమో ఉచితం చూసిన రోజు కంటే ఎక్కువ నవ్వింది. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత చాలా వినయంగా అడిగింది.

"ఏమని తిట్టినవో చెప్తవా? అది వెడదాం."

సాయవ్వ ఆలోచించింది. మనుమరాలు చదివితే ఇది పర్వాలేదని తేల్చుకున్నట్టుంది. ఒక్కొక్కటీ నిదానంగా చెప్పింది, నేను రాసుకున్నాను.

"నీ గేటుకు తుప్పు వట్టిపోను. నీ నల్లల నీళ్ళు ఎండిపోను. నువ్వెక్కిన లిఫ్టు నడిమిట్ల నిలవడిపోను. పైకి వోక, కిందికి రాక, నీ పంచె తలుపుల ఇరుక్కపోను."

కొత్తగా చేర్చింది మళ్ళీ చదివి వినిపించాలి. అది పద్ధతి. అందరూ నావైపు తిరిగారు. చదివాను.

"గట్ల తిడితె ఈగ సుత లెవ్వదు," అంది సాయవ్వ. "ఇంకోపారి."

ఇంకోసారి చదివాను.

"నీకు కోపం రాదా పిల్లా? ఎవ్వల మీద రాదా? యాద్ జేసుకో."

మాక్ ఇంటర్వ్యూ సారు గుర్తొచ్చాడు. నా గురించి తనే చెప్పి "అంతేనా?" అన్న సారు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. బోరబండ సందు మొత్తానికి వినిపించేలా, గేటు నుంచి పంచె దాకా, ఒక్క అక్షరం పోకుండా తిట్టాను. అటుగా స్కూటరు మీద పోతున్న ఒక పెద్దమనిషి బ్రేకు వేసి, కాలు కింద పెట్టి, "నన్నేమన్న అంటున్నవా తల్లీ?" అని అడిగాడు. "నిన్ను గాదన్నా, నువ్వు వో" అన్నారు ఆడవాళ్ళందరూ ఒకేసారి. నేను రాసే అక్క వెనక దాక్కున్నాను.

"ఉండనీ," అంది సాయవ్వ. "ఇప్పుడు మొత్తం ఉండనీ."

ఆ పేజీ నేను దుకాణంలో టైపు చేస్తుంటే ఖాజా భాయ్ వెనక నిలబడి చదివాడు.

"లిఫ్టా? ఏ లిఫ్టు?"

వేలుతో బయటికి చూపించాను. ఆయన వెళ్ళి లిఫ్టు తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"యా అల్లా! పదేండ్ల సంది ఆ మెకానిక్‌ను తిడుతున్న. వాని తప్పేం లేదు!"

ఆ వారమే రాసే అక్కను బతిమాలుకున్నాడు. ఆ అమ్మ తిట్టు వాపసు తీసుకుంటుందేమో అడగమని, ఆ కాంట్రాక్టరు ఎప్పుడో పోయాడని, ఇప్పుడు ఎక్కేదంతా బయటి ఊళ్ళ పిల్లలేనని. ఆమె బోరబండ వెళ్ళి అడిగింది. జవాబు తెచ్చింది.

"అచ్చుల వోయినంక తీసుడు ఉండదట భాయ్."

తర్వాత కళ్ళ ఆపరేషన్ అయింది. చూపు వచ్చాక ఆమె మొదట చదువుకున్నది ఆ తిట్ల పేజీనే. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివింది. "నేను రాసిన పుస్తకంల మంచి వాక్యాలు నాలుగు. నాలుగూ సాయవ్వవే" అంది. నేను డైరీలో ఎర్ర గీతల మధ్య ఉన్న వాక్యం సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పలేదు. దాన్ని నేను ఇంకా కొట్టేయలేదు.

ఆమె పోయాక సంతాప సభ పంజాగుట్టలో ఒక చిన్న హాలులో పెట్టారు. బ్యానరు మీద ఆమె పేరు మనిషి ఎత్తు ఉంది. అది చూసుంటే సుద్దముక్క తీసి కింద ఇంకో పదిమంది పేర్లు రాసేది. బోరబండ నుంచి సాయవ్వ, ఇంకో ఐదుగురు వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. శాలువా కప్పుకున్న ఒక పెద్దాయన లేచి మైకు సర్దుకున్నాడు.

"ఆమె అణగారిన మనుషుల కన్నీళ్ళనే సిరాగా చేసుకుని..."

"తీసెయ్," అంది వెనక నుంచి సాయవ్వ.

ఆయన ఆగాడు. అధ్యక్షుడు కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"అమ్మా, మీకు కూడా అవకాశం ఇస్తాం. తర్వాత మాట్లాడుదురు గాని."

"తర్వాత గాదు సారూ. ఇది రేపు పేపర్ల వస్తది. అచ్చుల వోయినంక తీసుడు ఉండదు. మా కన్నీళ్ళు ఆమె తీసుకపోలే. తెల్వక ఒకపారి రాసుకుంటె నేను జెప్పిన, కొట్టేసింది. మల్ల ఎన్నడు రాయలే. గది చెప్పు."

పెద్దాయన పాపం మంచివాడు. చేతిలోని కాగితం చూసుకుని, జేబులోంచి పెన్ను తీసి, అందరి ముందూ ఆ వాక్యం కొట్టేశాడు. అట్లాంటి వాక్యాలు ఇంకా చాలా ఉన్నట్టున్నాయి, ప్రసంగం తొందరగానే అయిపోయింది.

తర్వాత నన్ను పిలిచారు. టైపు చేసింది నేను కాబట్టి పుస్తకంలోంచి ఒక పేజీ చదవమన్నారు. ఫలానా పేజీ అని ముందే చీటీ కూడా పెట్టారు. మైకు దాకా ఎలా నడిచానో గుర్తులేదు. చీటీ ఉన్న పేజీ తెరిచాను. దాన్ని మూసి ఇంకో పేజీ తెరిచాను. గేటుకు తుప్పు పట్టించాను, నల్లాలో నీళ్ళు ఎండగొట్టాను, లిఫ్టును నడిమిట్ల నిలబెట్టాను. ముందు వరుస బిగుసుకుపోయింది. మధ్యలో ఎవరో నవ్వారు. డ్యూటీ దుస్తుల్లోనే తలుపు దగ్గర నిలబడి ఉన్న ఆ సుద్దముక్క వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. పంచె తలుపులో ఇరుక్కునేసరికి హాలంతా నవ్వుతోంది. వెనక వరుస నుంచి "ఇంక జర గట్టిగ" అని వినిపించింది.

మొన్న ఆదివారం, డైరీలోంచి తిరగరాసిన ఈ కాగితాలు పట్టుకుని బోరబండ వెళ్ళాను. ఒక్కదాన్నే. సాయవ్వ తట్ట బోర్లించి కూర్చుంది. మొదటి నుంచి చదివాను. రెండు చోట్ల ఆపింది. తన ముఖం మీది ముడతల గురించి రాసింది తీసెయ్యమంది, తీసేశాను. చిక్కుడుకాయలు తరిగింది తన కోడలు కాదు, పక్కింటామె అంది. సరే, పేరు తీసేసి వదిలేశాను. అయిపోయిందనుకుని కాగితాలు సర్దుకుంటుంటే పట్టుకుంది.

"లిఫ్టుల నవ్విన్నని రాసినవ్. అంతేనా అయింది?"

సర్దడం ఆపి అట్లాగే నిలబడ్డాను.

"చెప్పు," అంది. అచ్చం రాసే అక్క లాగే.

"కొంచెం ఏడ్చాను కూడా."

"మరి అదెందుకు దాస్తివి? కానిది రాసిందని మీ అక్కనే వట్టుకున్న. అయింది రాయకుంటె నిన్ను ఇడుస్తనా? రాయి."

రాస్తున్నాను. లిఫ్టు ఆగి ఉన్నంతసేపూ నవ్వాను. అది కదిలి మూడో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఏడుస్తున్నాను. ఎదురుగా గోడ ఉంటే రెండుసార్లు తట్టి, ఇక్కడ రాయని ఆ ఒక్క పేరు చెప్పి, దుకాణంలోకి వెళ్ళాను.